మగ్గం నేర్పని విద్య

మగ్గం మీద పెరిగినవాడికి ఓర్పు వేరే నేర్పనక్కరలేదు. పడుగులో తెగిన పోగును వెదకి అతికేవాడికి చూపు, వేలి నేర్పు, లెక్క తల్లిపాలతో వచ్చినట్లే వుంటాయి. అంచులో గుడివరుస ఎన్ని పోగులకు ఎక్కాలో, ఎన్ని పోగులకు దిగాలో కాగితం చూడకుండా చెప్పగలవారు మన వీధులలో ఇంకా వున్నారు. ఇంత విద్య గల మనిషి బ్యాంకులో గుమాస్తా ఎదుట నిలబడవలసివస్తే మాట పెగలక నిలిచిపోతాడెందుకు? సర్వసభ్య సమావేశంలో తన సంఘం లెక్కలే చదువుతూ వుంటే, అవి పరాయి వారి లెక్కలైనట్లు తలవంచుకొని కూర్చుంటాడెందుకు? సహకార సంఘం కార్యదర్శిగా మేము ఏటేటా చూచే సంగతి గనుక దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

మా అభిప్రాయం ముందే చెప్పివేస్తాము. మగ్గం ఒంటరి పని. చేతికి, కంటికి అది గొప్ప గురువే గాని మనిషికీ మనిషికీ నడుమ జరగవలసిన పనులు అది నేర్పదు. నలుగురి డబ్బు దగ్గర పెట్టుకొని పైసాకు పైసా అప్పజెప్పడం, తెలియని వారితో మర్యాద చెడకుండా మాట్లాడడం, తెలిసిన వారితో "కాదు" అని చెప్పగలగడం, జరిగినదానిని జరిగినట్లు కాగితం మీద పెట్టడం వంటివి జీతం లేని పనులలో, అంటే వీధి పనిలో, గుడి పనిలో, సంఘం పనిలో వస్తాయి. బడిలో చదివినవారికి గూడా ఇవి అంతంతమాత్రంగానే వుండడం మేము చూస్తూనే వున్నాము. మేమూ మెట్రిక్ చదివినవారమే గనుక ఈ మాట అనడానికి మాకు అధికారం వున్నదనుకొంటాము.

పూర్వం ఈ విద్యను వీధే నేర్పేది. నూలు నేసే ఊళ్ళలో తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు సాచి గంజి పెట్టే పని పాఠకులలో పెద్దవారికి జ్ఞాపకం వుండితీరుతుంది. అది ఒక్క ఇంటివారి వల్ల అయ్యేది కాదు. ఎండ ముదరక ముందే గంజి పట్టించాలి, కుంచె తొయ్యాలి, తెగిన పోగులు అతకాలి. ఆరేడుగురు లేనిదే పని సాగదు. ఈరోజు మన పడుగుకు పొరుగువారు, రేపు వారి పడుగుకు మనము. కూలి ప్రసక్తి లేదు. ఎవరు ఎవరింటికి ఎన్నిసార్లు వచ్చారో ఏ పుస్తకంలోనూ వ్రాయకపోయినా ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఎవరి పనికీ రాని పెద్దమనిషి పడుగు మబ్బు పట్టిన రోజున వీధిలో ఒంటరిగా పడివుండేది. ఆ వీధిలో తిరిగిన పిల్లలకు పిలవడం, పిలిస్తే వెళ్ళడం, వంతు పాటించడం, బండి అడ్డం పెట్టిన వాడితో జగడం పెరగకుండా సర్దుకోవడం తెలియకుండానే అలవడేవి. నేడు చాలాచోట్ల గంజి పెట్టిన నూలు, యంత్రం మీద చుట్టిన పడుగు ఇంటికే వస్తున్నాయి. శ్రమ తగ్గింది, దానిని కాదనము. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి వీధిలో నిలబడండని ఎవరికీ చెప్పబోము. అయితే దానితో పోయిన బడికి బదులు మరొక బడి కావాలి గదా అని మాత్రమే అడుగుతున్నాము.

మా ఊరు బరంపురం. రాజమహేంద్రవరం ప్రాంతం నుండి మహురి రాజులు పిలిపించగా వచ్చి స్థిరపడినామని మా పెద్దలు చెప్పుకొంటూ వచ్చారు. ఇక్కడ మమ్మల్ని దేరాలంటారు. మీకు దేవాంగులమంటే తెలుస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసులో ఒరియా. మా బరంపురం పట్టు చీరకు, జోడుకు, అందులో ఫొడ కుంభ అంచుకు 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండేండ్లకొకసారి చైత్రమాసంలో జరిగే బుఢీ ఠాకురాణీ యాత్ర మా సంగతి విన్నవారందరికీ తెలిసినదే. అమ్మవారిని పుట్టింటికి తెచ్చినట్లుగా దేశిబెహరా వీధిలో తాత్కాలికంగా కట్టిన గుడికి తెచ్చి, సుమారు నెల రోజులు కొలిచి, తిరిగి పంపుతాము. దేశిబెహరా అంటే మా నేతవారి కులపెద్ద. రాత్రులు ఘటాలు వీధి వీధికీ తిరుగుతాయి. చుట్టుపక్కల జిల్లాల నుండి లక్షల జనం వస్తారు. ఆ నెల రోజులూ మా వీధులలో కుర్రవాళ్ళకు నిద్ర వుండదు.

భక్తి సంగతి అటుంచి, పని సంగతి చూడండి. ఒక వీధికి చందా వసూలు చేయాలి. క్యూ నడపాలి. ఆడవారి వరుస, ముసలివారి వరుస వేరు చేయాలి. మంచినీళ్ళ కుండలు ఖాళీ కాకుండా చూడాలి. తప్పిపోయిన పిల్లవాడు ఏడుస్తూ దొరికితే ముందు వాడిని మాట్లాడించాలి. వాడు ఒరియాలో ఏడుస్తున్నాడో, తెలుగులో ఏడుస్తున్నాడో తెలుసుకోవాలి. విద్యుచ్ఛక్తి వారితో, పోలీసువారితో, పురపాలక సంఘం వారితో రోజూ మాట్లాడాలి. జీతం ఇచ్చి ఈ పని నేర్పే సంస్థ ఒకటి పెడితే దానికి ఎంత రుసుము కట్టవలసి వచ్చేదో!

వీటన్నిటిలో చందా పుస్తకం గొప్పదని మా నమ్మకం. కొంచెం వివరంగా చెబుతాము. రసీదు పుస్తకం ఇచ్చేముందే ప్రతి ఆకుకూ వరుస అంకె వేసి వుండాలి. ఏ అంకె నుండి ఏ అంకె వరకు ఎవరికి ఇచ్చామో పెద్ద పుస్తకంలో వ్రాసి సంతకం తీసుకోవాలి. తీసుకొన్నవాడు సాయంకాలానికి వాడిన ఆకుల ప్రతులు, పాడైన ఆకులు, డబ్బు మూడూ కలిపి అప్పజెప్పాలి. పాడైన ఆకును చించి పారేయరాదు, గీత కొట్టి పుస్తకంలోనే వుంచాలి. ఇది చూడడానికి చిన్న సంగతి. కాని దీనిని ఒక నెల రోజులు శ్రద్ధగా చేసిన పద్దెనిమిదేండ్ల కుర్రవాడికి క్యాష్‌బుక్ అంటే ఏమిటో, వోచరు ఎందుకో, ఆడిటరు ఏమి వెదుకుతాడో వేరే చెప్పనక్కరలేదు. తన డబ్బు, నలుగురి డబ్బు ఒకే జేబులో పెట్టరాదని అతడికి ఆ ఒక్క నెలలో ఒంటబట్టుతుంది. ఇది ఒంటబట్టని పెద్దలను గూడా మేము చూచినాము. వారిలో దొంగలు తక్కువ. మంచివారే, లెక్క వ్రాయడం బద్ధకించినవారే ఎక్కువ. చివరకు లోకం దృష్టిలో ఇద్దరికీ భేదం లేకపోయింది.

చందా పుస్తకం పట్టుకొని గుమ్మం ఎక్కితే మరొక పాఠం వుంటుంది. ఒకరు ఇస్తారు, ఒకరు రేపు రమ్మంటారు, ఒకరు పోయిన యాత్ర లెక్క అడుగుతారు. ఈ మూడోవారే కుర్రవాళ్ళకు నిజమైన గురువులు. లెక్క చెప్పి, ఆయన కోపం చల్లార్చి, చందా గూడా పుచ్చుకొని దిగినవాడు రేపు ఏ దుకాణదారు ముందైనా జంకడు.

ఇక కాగితాల సంగతి. ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు నేతవారందరికీ వున్న ఇబ్బంది ఒకటి వున్నది. మనము ఇంటిపేరు ముందు వ్రాసుకొంటాము. ఇక్కడి ఆఫీసులలో ఇంటిపేరు వెనుక వుండాలి. ఒక కాగితంలో పొడి అక్షరం, ఒక కాగితంలో పూర్తి ఇంటిపేరు, మూడోదానిలో ఇంటిపేరే అసలు పేరు అయిపోతుంది. ఒరియా అక్షరాలలో ఒక విధంగా, ఆంగ్లంలో మరొక విధంగా, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంకొక విధంగా వుంటుంది. షోలాపూరులో మరాఠీతోనూ, సేలంలో తమిళంతోనూ, బళ్ళారిలో కన్నడంతోనూ ఇదే బాధ అని అక్కడి బంధువులు చెబుతూ వుంటారు. బ్రతికి వున్నంతకాలం ఇది నవ్వులాట. మనిషి పోయిన తరువాత బీమా సొమ్ము అడగడానికి భార్య వెళ్ళిన రోజున తెలుస్తుంది దీని బరువు. జీవనజ్యోతి బీమాకు 2022 జూన్ నుండి ఏడాదికి 436 రూపాయలు ఖాతా నుండి పట్టుకొంటారు. మనిషి పోతే 2 లక్షల రూపాయలు వారసులకు రావాలి. మే నెలాఖరుకు ఖాతాలో ఆ మాత్రం సొమ్ము లేకపోయినా, నామినీ పేరు సరిగా లేకపోయినా చిక్కే.

మా వీధిలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి వున్నది. తండ్రి జోడు నేస్తాడు, తల్లి కండెలు చుడుతుంది. నలుగురిలో మాట్లాడడానికి సిగ్గుపడే పిల్ల. నేత కార్డుల శిబిరం పెట్టినప్పుడు ఫారాలు నింపడానికి చేతివ్రాత బాగున్నవారు కావాలని పిలిచినాము. మొదటి రోజు ఫారం నింపడం తప్ప నోరు విప్పలేదు. రెండవరోజు ఒక పెద్దావిడ తన పెద్దకొడుకును నామినీగా వ్రాయమన్నది. పాసుపుస్తకం చూచి ఈ అమ్మాయే, "అత్తా, ఇందులో మామయ్య పేరున్నది. ఆయన పోయి మూడేళ్ళయింది గదా, ముందు బ్యాంకులో మార్పించుకోవాలి" అన్నది. ఆ తరువాత తానే ఆవిడను వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్ళింది. అక్కడ "రేపు రండి" అంటే, "రేపు ఎన్ని గంటలకు, ఎవరిని అడగాలి?" అని అడిగి వచ్చిందట. "రేపు రండి" అన్న మాటకు ఈ ప్రశ్న వేయడం మేము ఉద్యోగంలో చేరిన చాలా ఏండ్లకు గాని నేర్చుకోలేదు. ఇప్పుడు ఆ పిల్ల ప్రతి ఇంటి కాగితాలు ఒకచోట పరచి, మూడు లిపులలో పేర్లు పోల్చి, ఏది ఎక్కడ మార్చుకోవాలో తెలుగులో చీటీ వ్రాసి ఇస్తున్నది.

గాలివాన సంగతి చెప్పకుండా మా జిల్లా కథ పూర్తి కాదు. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తీరం దాటిన తుఫాను మా జిల్లాను ఊడ్చివేసింది. పన్నెండు రోజులకే, అక్టోబరు 29న, పారదీప్ వైపు మహా తుఫాను వచ్చి రాష్ట్రమంతా అటు చూడవలసి వచ్చింది. అటువంటప్పుడు ఎవరి నష్టం వారు చెప్పుకోగలిగితేనే వినేవారుంటారు. మా వీధులలో చాలామంది నష్టం కాగితం ఎక్కనే లేదు.

2013 అక్టోబరు 12న, దసరా పండుగ రోజులలో, ఫైలిన్ తుఫాను మళ్ళీ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందుగా హెచ్చరికలు వచ్చాయి, లక్షల మందిని తరలించారు, ప్రాణనష్టం చాలా తగ్గింది. కాని ఇళ్ళ కప్పులు, చెట్లు, కరెంటు స్తంభాలు నిలువలేదు. గుంట మగ్గాల గుంటలు నీళ్ళతో నిండిపోయాయి. మగ్గం మీద వున్న పట్టు పడుగు తడిసి, రంగు దిగి, అతుక్కొనిపోయిన ఇళ్ళు ఎన్నో. అప్పుడు మా వీధిలో ఒక కుర్రవాడు చేసిన పని మాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది. అతడు యాత్రలో చందా పుస్తకాలు చూచినవాడే. కరెంటు లేదు, సెల్ ఫోనులో ప్రాణం లేదు. అంచు డిజైను గీసే గ్రాఫు కాగితం ఇంట్లో వుంటే దాని మీదనే గళ్ళు గళ్ళుగా జాబితా మొదలుపెట్టినాడు. ఇంటి యజమాని పేరు. ఇంట్లో ముసలివారు, పసిపిల్లలు ఎందరు. కప్పు పోయిందా, గోడ పడిందా. మగ్గం గుంటదా, పైమగ్గమా. పడుగు ఎంత నేసినది, ఎంత మిగిలినది. పట్టు సంఘానిదా, సావుకారిదా, సొంతమా. ఈ చివరి గడి పెట్టడం పెద్దలలో ఎవరికీ తోచలేదు. సావుకారి పట్టు తడిస్తే నష్టం ఎవరిదనే తగవు వారం తరువాత ప్రతి వీధిలో లేచింది. మా వీధిలో ముందే వ్రాసి, ఇరువైపులా సంతకాలు పెట్టించి వుండడం వల్ల కూర్చొని మాట్లాడుకొంటే తీరిపోయింది.

ఒక ఆఫీసులో ఆ గ్రాఫు కాగితాన్ని చూచి, అచ్చు ఫారంలోనే ఇవ్వాలని తిప్పి పంపినారు. అతడు గొణుక్కోలేదు. ఫారాలు అడిగి తెచ్చి, రాత్రి లాంతరు దగ్గర మరొక ఇద్దరితో కూర్చొని ఎత్తి వ్రాసి, రెండు ప్రతులు చేసి, ఒకదాని మీద అందినట్లు ముద్ర వేయించుకొని వచ్చినాడు. ఆ ముద్ర వున్న ప్రతి మా సంఘం బీరువాలో ఈనాటికీ వున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు దానినే నమూనాగా పెట్టుకొని మిగతా వీధులవారు తమ జాబితాలు వ్రాసుకొన్నారు. యానాం సోదరులు 2022 జులై గోదావరి వరదలో వీధులు మునిగిన రోజులను తలచుకొంటే ఇటువంటి కాగితం విలువ వారికి మేము చెప్పనక్కరలేదు.

ఇప్పుడు సహకార సంఘాల విషయానికి వస్తాము. ఇందాక చెప్పినదంతా దీనికోసమే. మద్రాసులో 1935లో రాష్ట్ర చేనేత సహకార సంఘం వెలసినప్పుడు మా గంజాం గూడా మద్రాసు రాజధానిలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనది. 1956లో ఇక్కడ బొయనికా ఏర్పడింది. ఇంత చరిత్ర వున్న ఉద్యమం. అయినా వీధి సంఘాలు ఎన్నో మూతబడ్డాయి, కొన్ని పేరుకే మిగిలాయి. మరమగ్గం పోటీ, నూలు ధర, పట్టు ధర, అమ్ముడుపోని సరకు కారణాలని అందరూ అంటారు. అవి నిజమే. కాని వాటితో సమానమైన కారణం మరొకటి వున్నదని మేము అనుకొంటాము. లెక్క చదవగలిగిన సభ్యులు లేకపోవడం, లేచి ప్రశ్న అడగగలిగిన సభ్యులు లేకపోవడం. కర్ణాటకలో 1959 చట్టం, మహారాష్ట్రలో 1960 చట్టం, మా ఒరిస్సాలో 1962 చట్టం, తమిళనాడులో 1983 చట్టం. చట్టం ఏదైనా సర్వసభ్య సమావేశం కంటె పెద్ద అధికారి సంఘంలో లేడు. ఆ అధికారి నిద్రపోతే కార్యవర్గం ఏమి చేస్తే అదే న్యాయం.

సమావేశంలో చూడవలసినవి నిజానికి కొద్దిపాటివే. ఏడాది చివర చేతిలో, బ్యాంకులో నగదు ఎంత. గోదాములో సరకు ఎంత, అందులో రెండేండ్లు దాటినది ఎంత. పాత సరకును కొత్త ధరకు వ్రాసుకొంటే లాభం వున్నట్లు కనిపిస్తుంది గాని అది కాగితపు లాభం. మనకు రావలసినది ఎవరి దగ్గర ఎంతకాలంగా వున్నది. నేతగాళ్ళకు ఇవ్వవలసిన మజూరీ, పొదుపు నిధి ఎంత. ఈ నాలుగూ అడిగితే చాలు. ఒకసారి మా సమావేశంలో కండెలు చుట్టే ఒకావిడ, అక్షరం ముక్క రాదు, లేచి, "ఏటి బాబూ, పోయినేడు సదివినప్పుడూ ఆ సీరలు అంతే వున్నాయన్నారు, ఈయేడూ అంతే అన్నారు. మద్దిన అమ్మినవి ఏటయ్యాయి?" అన్నది. సభలో ముందు నవ్వారు, తరువాత నవ్వు ఆగింది. సరకు లెక్కించకుండానే పోయిన ఏటి అంకెను ఎత్తి వ్రాసిన సంగతి అప్పుడు బయటపడింది. మరునాడే గోదాము తెరచి లెక్కించారు. ఆవిడకు ఇంత ధైర్యం ఎక్కడిదని విచారిస్తే, యాత్రలో అన్నదానం రోజున బియ్యం, పప్పు కొలిచి ఇచ్చి సాయంకాలం మిగులు అప్పజెప్పే పని పదేండ్లుగా ఆవిడదేనని తెలిసింది. కొలిచి ఇచ్చినవారికి కొలత అడిగే నోరు తానే వస్తుంది.

2019–20లో జరిగిన నాల్గవ చేనేత జనాభా లెక్కలలో నేసేవారిలో నూటికి 72 మంది స్త్రీలని తేలింది. మన సంఘాల కార్యవర్గాలలో ఎందరు స్త్రీలు? ఉన్నచోట గూడా సంతకం పెట్టి ఇంటికి వెళ్ళేవారే తప్ప కుర్చీలో కూర్చొని తీర్మానం చదివించుకొనేవారెందరు? పాఠకులు తమ ఊరి సంగతి తామే లెక్క వేసుకోగలరు.

"కాదు" అనడం గురించి పైన చెప్పి విడిచినాము. మన సంఘాలన్నీ బంధువుల సంఘాలు. అధ్యక్షుడు బావ, నూలు అప్పు అడిగేవాడు బావమరిది. ఇదివరకు తీసుకొన్న నూలుకు చీర ఇవ్వనివాడికి మళ్ళీ నూలు ఇవ్వరాదని తీర్మానం చేయడం సులభం. పండుగకు ఇంటికి వచ్చిన అల్లుడికి ఆ తీర్మానం చెప్పడం కష్టం. ఇది పుస్తకంలో చదివితే రాదు. క్యూలో చుట్టపువారిని ముందు పంపకుండా నిలబెట్టిన కుర్రవాడికి వస్తుంది. "మామయ్యా, మీరు వెనుక నిలబడితే మిగతావారు మాట వింటారు" అని మావాడొకడు ఒక పెద్దమనిషిని వరుస చివరకు పంపినాడు. ఆయన కోపగించుకోలేదు సరిగదా, వెనుకవారిని సర్దడం తానే మొదలుపెట్టినాడు.

ఇంత చెప్పిన తరువాత ఎదుటి పక్షం గూడా చెప్పాలి. "ఊరి పని చేస్తే కడుపు నిండుతుందా?" అన్న ప్రశ్న తేలికగా తీసివేయదగినది కాదు. అదే జనాభా లెక్కలలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయలకు లోపేనని వచ్చింది. మగ్గం ఒక పూట ఆగితే ఆ పూట మజూరీ పోయినట్లే. కడుపు నిండినవారు కడుపు నిండనివారికి సేవ గురించి ఉపన్యాసం ఇవ్వడం మాకు గిట్టదు. మరికొందరు ఊరందరి పనులు నెత్తిన వేసుకొని, సొంత మగ్గానికి బూజు పట్టించుకొని, భార్య సంపాదన మీద పెద్దమనిషి అనిపించుకొంటారు. దానిని మేము సేవ అనము. ఆ ఇల్లాలిని అడిగితే ఏమంటుందో ఇక్కడ వ్రాయడం బాగుండదు.

మరొక సంగతి గూడా వున్నది. అన్ని పనులూ విద్య నేర్పవు. కుర్రవాళ్ళను పిలిచి బెంచీలు మోయించి, మంచినీళ్ళు తెప్పించి, చివరకు ఫోటోలో వెనుక వరుసలో నిలబెట్టి పంపితే వారికి చేతులు నొప్పిపుట్టడం తప్ప వచ్చేదేమీ లేదు. పని అప్పగించాలి, దానికి జవాబుదారీ అప్పగించాలి, లెక్క అడగాలి. రసీదు పుస్తకం చేతికి ఇవ్వాలి. బీరువా తాళపుచెవి కూడా ఒక రోజు ఇచ్చి చూడాలి. ఇక్కడే మన పెద్దల చెయ్యి రాదు. ముప్పయి ఏండ్లుగా ఒకే నడుముకు వేలాడుతున్న తాళపుచెవులు మన సంఘాలలో ఎన్ని! "కుర్రవాళ్ళకు శ్రద్ధ లేదు, అందరూ సూరతు పోతున్నారు" అని అంటాము. మా గంజాం నుండి సూరతు మరమగ్గాలకు పోయేవారికి లెక్కే లేదన్నది నిజం. వారిలో కొందరు అక్కడ గది అద్దె, సమష్టి వంట ఖర్చు, ఊరికి పంపే డబ్బు, అంతా పుస్తకం పెట్టి పదిమందికి లెక్క చెబుతున్నారు. ఇక్కడ వారికి ఒక పుస్తకం ఎవరైనా చేతికిచ్చారా?

అందుచేత మా సంఘంలో ఒక ఏర్పాటు చేసుకొన్నాము. ఇతర ఊళ్ళవారికి ఉపయోగపడుతుందేమోనని వ్రాస్తున్నాము. ప్రతి పనికీ ఇద్దరు: ఒకరు తెలిసినవారు, ఒకరు తెలియనివారు. రెండేండ్లకు, అంటే యాత్రకూ యాత్రకూ నడుమ, తెలిసినవారు తప్పుకోవాలి. తెలియనివారు తెలిసినవారై మరొకరిని తెచ్చుకోవాలి. మినిట్స్ పుస్తకం వ్రాసేది కార్యదర్శి కాదు, సభ్యులలో ఒకరు వంతులవారీగా. తేదీ, హాజరైన వారు, ప్రతిపాదించినవారు, బలపరచినవారు, నిర్ణయం ఈ అయిదూ వుంటే మిగతా అందం మేము చూడము. మొదటివారు వ్రాసినది చదవడానికి రెండు రోజులు పట్టింది. అయినా దిద్దలేదు, వారిచేతనే చదివించినాము. సమావేశాలు, ఫారాల పని అన్నీ అమావాస్యకే పెట్టుకొంటాము. ఆ రోజు మగ్గం ఆపే ఆచారం వున్నచోట మజూరీ పోదు. అన్నిటికంటె ముఖ్యం, ఎవరినీ నెలకు రెండు పూటలకు మించి పిలవము. అంతకు మించిన పని వుంటే మనుషులను పెంచుతాము గాని ఒకే మనిషిని అరగదీయము.

షోలాపూరులో శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ రథోత్సవానికి, మిగతా ఊళ్ళలో చౌడేశ్వరీ అమ్మవారి ఉత్సవాలకు ఇటువంటి ఏర్పాట్లు ఏ విధంగా నడుస్తున్నవో అక్కడివారు వ్రాస్తే ఈ బులెటిన్‌లో ప్రకటించడానికి సంపాదకులు అంగీకరించారు. ముఖ్యంగా పిల్లలకు, స్త్రీలకు లెక్క అప్పగించి చూచిన ఊళ్ళ అనుభవం మాకు కావాలి. ఎదురైన చిక్కులు గూడా దాచకుండా వ్రాయ ప్రార్థన. మేము వాడుతున్న మూడు నమూనాలు, అనగా అంకెలు వేసిన రసీదు పుస్తకం పట్టీ, ఇంటి కాగితాలలో పేర్లు పోల్చే చీటీ, గాలివానకు వరదకు నష్టం జాబితా, తెలుగులో వ్రాసి సిద్ధంగా వున్నాయి. కోరిన సంఘాలు బులెటిన్ కార్యాలయానికి ఒక కార్డు వ్రాస్తే ప్రతులు పంపగలము. నష్టం జాబితా మాత్రం అక్టోబరు రాకముందే తెప్పించుకొని, తమ తమ రాష్ట్ర భాషలోనికి గూడా ఎత్తి వ్రాసుకొని, వీధికొక ప్రతి చొప్పున వుంచుకోవాలని మనవి.